విండోస్ మళ్లీ వేస్తే బయాస్‌లో ఉన్న లోపం కూడా పోతుందా?

ప్రశ్న:
నా లాప్‌టాప్ కాస్త పాతదే. కంపెనీ సైట్‌లో దీనికో బయాస్ అప్‌డేట్ కనిపిస్తోంది, పక్కన "భద్రతా లోపాల సవరణ" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మధ్యలో ఆగిపోతే బోర్డే పోతుందని అందరూ అంటుంటే ఇన్నాళ్లూ దాని జోలికి పోలేదు. తెలిసినతను ఒకాయన విండోస్ తీసేసి మళ్లీ వేసుకో, చాలు అంటున్నాడు. నిజమేనా? నాలాంటి మామూలు వాడికి ఇదంతా అవసరమా?

జవాబు 1:
విండోస్‌కీ దీనికీ సంబంధం లేదండి. బయాస్, అంటే ఇప్పటి యూఈఎఫ్ఐ, విండోస్ కన్నా ముందే లేచి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్). అది మదర్‌బోర్డు మీద వేరే ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది, కాబట్టి డిస్క్ ఫార్మాట్ చేసినా, ఏకంగా కొత్త ఎస్ఎస్‌డీ పెట్టినా అది అలాగే ఉంటుంది. 2018లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన లోజాక్స్ అనే హానికర ప్రోగ్రామ్ ఆ చిప్‌లోనే దాక్కునేది. ఇక 2023 డిసెంబరులో బైనార్లీ అనే మరో భద్రతా సంస్థ వాళ్లు చెప్పిన లోగోఫెయిల్ మరీ విడ్డూరం. ఆన్ చేయగానే కంపెనీ లోగో వస్తుంది చూడండి, ఆ బొమ్మ ఫైలును చదివే కోడ్‌లోనే లోపాలు! బయాస్ కోడ్ తయారుచేసే ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్ కంపెనీలు మూడింటి ఫర్మ్‌వేర్‌లోనూ దొరికాయి, లాప్‌టాప్ కంపెనీల్లో చాలావరకు వీళ్ల దగ్గర తెచ్చుకున్న కోడ్ మీదే తమది కట్టుకుంటాయి గనక ఒకచోట తప్పు జరిగితే బోలెడు బ్రాండ్లలో తేలుతుంది. సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సరైన డిజిటల్ సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంది కదా అనుకోకండి, సంతకాలు సరిచూసేది ఆ ఫర్మ్‌వేరే, దాని లోపలే పరాయి కోడ్ నడిస్తే ఇక సరిచూసేదెవరు?

జవాబు 2:
ఆయన్ని మరీ టెన్షన్ పెట్టకండి. లోగోఫెయిల్ వాడాలంటే ముందు మీ సిస్టమ్‌లో అడ్మిన్ హక్కులైనా రావాలి, లాప్‌టాపైనా చేతికి చిక్కాలి. లోగో మార్చే వీలే లేని మోడళ్లూ ఉన్నాయి. అడ్మిన్ దాకా వచ్చినవాడు పాస్‌వర్డ్‌లు పట్టుకుపోవడానికి బయాస్‌తో పనేముంది? బ్రౌజర్, విండోస్ అప్‌డేట్లు ముందు చూసుకోండి. బయాస్‌దీ వేయండి, వద్దనను, కానీ రాత్రికి రాత్రే మునిగిపోయేదేం లేదు. నాకు మండేది కంపెనీల మీద. 2024లో పీకేఫెయిల్ చూశారా? పేరులోనే "డూ నాట్ ట్రస్ట్" అని ఉన్న, పరీక్షలకే వాడాల్సిన ఏఎంఐ సెక్యూర్ బూట్ కీని మార్చకుండా వందల మోడళ్లు అమ్మేశారు.

ప్రశ్న అడిగినవారు:
సరే, వేసేస్తాను. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంది, ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు 3:
అసలు చాలామంది ఇరుక్కునేది అక్కడే. ఫర్మ్‌వేర్ మారగానే టీపీఎం (ఆ తాళం కీని కాపాడే చిప్) లెక్క తప్పి, బూట్ అవుతుండగా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు, అది ఆ లాప్‌టాప్‌లోనే దాచుకున్నవాళ్లు గోవిందా. ముందే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. పూర్తిగా ఆఫ్ చేయకండి, డిస్కంతా డిక్రిప్ట్ చేస్తూ కూర్చుంటుంది. ఫైలు కంపెనీ సైట్ నుంచే, సరిగ్గా మీ మోడల్ నంబరుదే తీసుకోండి. లైనక్స్ అయితే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ టూల్ ఉంది, మీ మోడల్ అందులో ఉంటే అదే తెచ్చి వేస్తుంది. ఛార్జర్ పెట్టే ఉంచండి. మధ్యలో స్క్రీన్ నల్లబడవచ్చు, ఫ్యాన్ హోరెత్తవచ్చు, రీస్టార్ట్ కూడా కావచ్చు, పవర్ బటన్ మాత్రం నొక్కకండి.