ఆపతానీ స్త్రీల ముఖాలపై పచ్చబొట్లు: అపహరణ భయమా, ఆచారమా?

తీరవాసి:
అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో ఆపతానీ తెగ వృద్ధ స్త్రీలకు నుదుటి నుంచి ముక్కు కొన దాకా నిలువు గీత, గడ్డం మీద మరికొన్ని గీతలు, ముక్కు పుటాల్లో పెద్ద బిరడాలు కనిపిస్తాయి. పొరుగు తెగలవాళ్లు ఎత్తుకుపోకుండా ఆడపిల్లలను కావాలనే అందవికారంగా మార్చారన్నదే దీనికి కారణమని నా అభిప్రాయం. ఆపతానీలలోనే చాలామంది ఈ మాట చెబుతారు. 1944-45లో అక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ కూడా పొరుగు తెగ అయిన నిషీలకూ ఆపతానీలకూ మధ్య జరిగిన దాడులను, మనుషులను బంధించి పరిహారం అడిగే పద్ధతిని వివరంగా రాశాడు.

జోడేఘాట్ బిడ్డ:
దాడులు జరగలేదని నేను అనడం లేదు. అయితే ఆపతానీ మగవాళ్లు కూడా కింది పెదవి దిగువన ‘టి’ ఆకారంలో పచ్చబొట్టు పొడిపించుకునేవారు. వాళ్లు ఎవరికి వికారంగా కనిపించాలని ఆ పని చేశారు? ముళ్లతో చర్మం పొడిచి, మసిని కొవ్వుతో కలిపి అద్ది, తెగ అంతటా ఒకే తీరున గీతలు దించారంటే, అది తమవాళ్లెవరో తెలిపే గుర్తు అయి ఉండాలి. మా ఆదిలాబాద్ గోండు స్త్రీలకు తోటి అనే తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడుస్తారు. చనిపోయినవారి ఒంటి మీది వెండిని తీసేసుకున్నా, పచ్చబొట్టు మాత్రం వెంట వస్తుందని మా పెద్దల నమ్మకం.

తీరవాసి:
గోండుల నమ్మకం ఆపతానీల విషయంలో సాక్ష్యం కాదు. మగవాళ్ల గడ్డం మీది చిన్న గుర్తునూ, ఆడవాళ్ల ముఖమంతటా దించిన గీతనూ ఒకే గాటన కట్టకండి. మగవాళ్లకు ముక్కు బిరడాలు లేవన్న సంగతికి మీ దగ్గర జవాబు లేదు.

పాఠకుడు:
నాగాలాండ్‌లోని కోన్యాక్ తెగలో ముఖం మీది పచ్చబొట్టు ఒకప్పుడు శత్రువు తల తెచ్చిన యోధుడికి దక్కిన గౌరవం.

జోడేఘాట్ బిడ్డ:
బిరడాలు ఉంటే ఉండనివ్వండి, ‘టి’ గుర్తు సంగతి చెప్పండి. తీరవాసి గారూ, మా అమ్మ నుదుటి చుక్కలను చూసి పట్నంలో ఒక కార్యాలయంలో గుమాస్తా, అందరి ముందూ, "ముఖం ఎందుకు పాడుచేసుకున్నావమ్మా" అని అడిగాడు. మా అమ్మ ఆ తరువాత కొంగు కప్పుకోకుండా పట్నానికి రాలేదు. మీరు ‘అందవికారం’ అని రాసిన ప్రతిసారీ నాకు ఆ గుమాస్తా గొంతే వినిపిస్తోంది.

తీరవాసి:
మీ అమ్మగారికి జరిగిన అవమానానికి నేను బాధ్యుణ్ణి కాను. మా మేనత్తను చిన్నతనంలో ఇద్దరు ఆడవాళ్లు కదలకుండా పట్టుకోగా మూడో ఆవిడ చేతుల నిండా పచ్చబొట్లు పొడిచింది. పుండ్లు పడి, జ్వరంతో మంచం పట్టిందని ఆమె ముసలితనంలోనూ ఏడ్చి చెప్పేది. మీరు దాన్ని గుర్తు అనండి, గౌరవం అనండి, ఆ పిల్లను ఎవరూ అడగలేదు. ఆపతానీ యువజనులే 1970లలో ఈ ఆచారాన్ని ఆపించారు. పూర్తిగా గౌరవమే అయితే సొంత బిడ్డలే ఎందుకు ఆపిస్తారు?

జోడేఘాట్ బిడ్డ:
చదువులకూ ఉద్యోగాలకూ లోయ దాటి వెళ్లినచోట ఆ ముఖాలను చూసి జనం వింతగా ప్రవర్తించారు కాబట్టి ఆపించారు. మీ మేనత్తగారికి జరిగినది అన్యాయమే, పిల్లల ఇష్టం లేకుండా పొడవకూడదని నేనూ అంటాను. కానీ నొప్పి పెట్టారన్నది వేరు, వికారం చేయడానికే పెట్టారన్నది వేరు. మొదటిదానికి మీ మేనత్త సాక్ష్యం సరిపోతుంది, రెండోదానికి సరిపోదు.

తీరవాసి:
ఎందుకు పెట్టారో తేలకుండా ఎవరిని తప్పుపట్టాలి? అపహరణ భయం కాదంటే, అంత నొప్పిని ఆడపిల్లకే ఎక్కువగా పంచిన కారణం ఏమిటో మీరే చెప్పండి.