‘షోజో మాంగా’: సమాసంలో ఉన్న ఆ అమ్మాయి ఎవరు?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. జపాన్‌లో అమ్మాయిల కామిక్స్ గీసే స్త్రీల వృత్తి జీవితాల మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, ‘షోజో మాంగా’. దీన్ని ‘బాలికా చిత్రకథలు’ అని, గీసేవారిని ‘బాలికా చిత్రకథాకారిణులు’ అని రాశాను. మర్నాడు చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా తోచింది, ఎందుకో చెప్పలేకపోతున్నాను. ‘ముగ్ధ’ అనే మాట వాడితే అందంగా ఉంటుందేమో అనుకొన్నాను. రెండోది, 1970లలో పేరు తెచ్చుకొన్న కొందరిని కలిపి ‘24 సంవత్సరాల బృందం’ అంటారని నాకు అర్థమైంది. అంటే వారంతా అప్పటికి ఇరవై నాలుగేళ్ల వారా? తెలిసినవారు సాయం చేయగలరు.

జవాబు:

మీకు ఎబ్బెట్టుగా తోచడానికి కారణం వ్యాకరణంలోనే ఉందండి. ‘బాలికా చిత్రకథాకారిణి’కి విగ్రహవాక్యం చెప్పి చూడండి. బాలికల కొరకు చిత్రకథలు చేసే ఆమె అనవచ్చు. బాలికల యొక్క కథలను బొమ్మలుగా వేసే ఆమె అనవచ్చు. బాలిక అయిన చిత్రకథాకారిణి అని కూడా అనవచ్చు. చతుర్థీ తత్పురుషమా, షష్ఠీ తత్పురుషమా, కర్మధారయమా? చదివే అమ్మాయా, కథలోని అమ్మాయా, గీసే అమ్మాయా? మీ వాక్యం ఏదీ తేల్చడం లేదు.

అయితే ఇది మీ తప్పు కాదు. జపనీసులో ‘షోజో మాంగాక’ అన్న మాటలోనూ ఇదే చిక్కు ఉంది. ‘షోజో’ అంటే అమ్మాయి, ‘మాంగాక’ అంటే మాంగా చేసేవారు. మధ్యలో ఏ విభక్తీ లేదు. వారి వృత్తి చరిత్ర కూడా ఈ మూడు విగ్రహవాక్యాల మధ్య నడిచిందే కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ‘షోజో’. ఇందులో రెండు లిపి సంకేతాలు ఉన్నాయి. మొదటిదానికి కొద్ది, చిన్న అని అర్థం. రెండోదానికి స్త్రీ అని. దీనికి జంటగా అబ్బాయిలకు వాడే మాట ‘షోనెన్’. అక్కడ రెండో సంకేతానికి పురుషుడు అని కాదు, ఏడు, సంవత్సరం అని అర్థం. అంటే ‘షోనెన్’ను విడదీస్తే కొద్ది ఏళ్ల వయసు అనే వస్తుంది. అందులో ఆడ, మగ తేడా లేదు. మొదట్లో ఆ మాట ఇద్దరికీ చెల్లింది. 1899లో జపాన్ ప్రభుత్వం బాలికల ఉన్నత పాఠశాలల ఉత్తర్వు తెచ్చింది. చిన్నతనానికీ పెళ్లికీ నడుమ కొన్నేళ్లు బడిలో గడిపే అమ్మాయిలు ఒక వర్గంగా ఏర్పడ్డారు. 1902లో వారి కోసమే ‘షోజోకై’, అంటే ‘అమ్మాయిల లోకం’, అనే పత్రిక వచ్చింది. ఈ అర్థంలో ‘షోజో’ను నిలబెట్టినవి బడి, పత్రిక. ఆ అమ్మాయి అన్నిటికంటే ముందు ఒక పాఠకురాలు.

ఇక్కడే ‘ముగ్ధ’ మీద నా అభ్యంతరం. మాట ముద్దుగానే ఉంది. కానీ మన అలంకారశాస్త్రంలో ముగ్ధ, మధ్య, ప్రౌఢ అన్న వరుస నాయకుడి ఎదుట ఆమె సిగ్గు ఎంత, చొరవ ఎంత అన్న కొలతతో వచ్చింది. ‘కన్య’ అందామా అంటే, ‘అష్టవర్షా భవేద్గౌరీ, నవవర్షా తు రోహిణీ, దశవర్షా భవేత్కన్యా’ అన్న పాత శ్లోకం గుర్తుకొస్తుంది. ఎనిమిదేళ్లకు గౌరి, తొమ్మిదికి రోహిణి, పదికి కన్య. పిల్ల వయసును పెళ్లికి మిగిలిన గడువుతో లెక్కించే శ్లోకం అది. ఎవరూ చూడని మూల కూర్చుని పత్రిక చదువుకొనే అమ్మాయికి ఈ పేర్లు పెట్టడానికి నాకు మనసొప్పదు.

‘బాలిక’ వీటికంటే నయం. ఊరూరా ‘బాలికల ఉన్నత పాఠశాల’ అన్న బోర్డు మీద ఉన్న మాట, ‘షోజో’ పుట్టిన చోటికి దగ్గరగానే ఉంది. కానీ నేటి దినపత్రికల్లో ‘బాలిక’ ఎక్కువగా నేరవార్తల్లో కనిపిస్తోంది. ఆ నీడ ఈ మాట మీద పడింది. నా ఓటు ‘అమ్మాయి’కి. ఎనిమిదో తరగతి పిల్లా అమ్మాయే, డిగ్రీ చదివే పిల్లా అమ్మాయే. షష్ఠీ బహువచనంలో ‘అమ్మాయిల మాంగా’ అంటే ఎవరు చదివేదో వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు రచయిత్రుల దగ్గరికి వద్దాం. బొమ్మలకంటే ముందు వచనం వచ్చింది. యోషియా నొబుకొ 1896లో పుట్టారు. 1916 నుంచి ‘హనా మొనొగతారి’, అంటే పూల కథలు, పత్రికలో రాశారు. ఒక్కో కథకు ఒక్కో పూవు పేరు. హాస్టళ్లలో, బడి వరండాల్లో అమ్మాయిల మధ్య పెరిగే గాఢమైన స్నేహం, విరహం ఆ కథలకు ప్రాణం. వాక్యం పూర్తికాకుండా చుక్కలు పెట్టి వదిలేయడం ఆమె అలవాటు. చెప్పని మాటను ఆ చుక్కలలో పాఠకురాలే నింపుకోవాలి. జపాన్‌లో కలంతో బాగా సంపాదించిన స్త్రీలలో ఆమె ఒకరు. కమకురలో ఆమె కట్టించుకొన్న ఇల్లు ఇప్పుడు స్మారక మందిరం. జీవితమంతా తోడున్న మొన్మా చియోను 1957లో చట్టప్రకారం దత్తత తీసుకొన్నారు. ఇద్దరు స్త్రీలు ఒక కుటుంబమని కాగితం మీద రాయించుకోవడానికి ఆనాడు వారికి వేరే దారి లేదు. ‘కన్య’ అన్న మాటను నేను ఎందుకు వద్దంటున్నానో ఈ ఒక్క జీవితం చూసినా తెలుస్తుంది.

ఆ చుక్కలే తరువాత బొమ్మల్లోకి వచ్చాయని నా నమ్మకం. అమ్మాయిల మాంగాలో ఒక పేజీ తీసి చూడండి. ఒక పాత్ర వెనక్కి తిరిగి చూస్తుంది. ఆమె వెనుక గులాబీలు. గదిలో పూలకుండీ లేదు, కిటికీ అవతల తోట లేదు. అవి ఆ క్షణపు మనసులో పూసిన పూలు. గడి గీత చెరిగిపోతుంది, మనసులోని మాట బుడగలో కాకుండా తెల్ల కాగితం మీద విడివిడి పంక్తులుగా తేలుతుంది. ఇలా ప్రవేశించే పాత్రను జపనీయులు ‘పూలను వీపున మోస్తూ వచ్చింది’ అంటారు. మీ వ్యాసంలో ఈ పలుకుబడి తగిలితే దయచేసి ‘పుష్పాలంకృత నేపథ్యంలో’ అని మార్చకండి. పూలను మోయనివ్వండి.

మాంగా విషయంలో మొదటి తరం గీసినవారిలో ఎక్కువమంది మగవారు. తెజుకా ఒసాము 1953లో ‘షోజో క్లబ్’ పత్రికలో మగవేషం వేసుకొన్న రాకుమారి కథ మొదలుపెట్టారు. అప్పటికి ఈ సమాసం శుద్ధ చతుర్థి: అమ్మాయిల కొరకు మాంగా, గీసేది ఎవరైనా సరే. 1964లో అది మారింది. పెద్ద ప్రచురణ సంస్థ కొదన్‌షా కొత్తవారికి పెట్టిన మొదటి బహుమతిని ఒసాకాకు చెందిన సతొనకా మచికో గెలుచుకొన్నారు. వయసు పదహారు. నిన్నటిదాకా ఆ పత్రికలు చదివిన అమ్మాయే నేడు వాటిలో గీసింది. సమాసం కర్మధారయమైంది. చదివేదీ, కథలో ఉండేదీ, గీసేదీ అమ్మాయే. ఆ రోజులను తలచుకొంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మీ రెండో ప్రశ్న. 24 అనేది వయసు కాదు. జపాన్ చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే షోవా శకంలో 24వ సంవత్సరం, అంటే 1949. మన పెద్దలు ‘విరోధి నామ సంవత్సరంలో పుట్టాను’ అంటే ఎలాగో అదీ అలాగే. నిజానికి 1949 ఉగాదికి మనకు విరోధే మొదలైంది. ‘నిజూయొనెన్ గుమి’లోని ‘గుమి’ని బడిలో తరగతి సెక్షనుకూ వాడతారు, తకరజుకా నాటక సంస్థలోని దళాలకూ వాడతారు. అందుకని ‘బృందం’ కంటే ‘బ్యాచ్’ దగ్గరగా ఉంటుంది. ‘49 బ్యాచ్’ అంటే తెలుగువారికి చప్పున అందుతుంది.

ఆ బ్యాచ్‌లో అందరూ 1949లో పుట్టలేదు. హగియో మోతో 1949 మే. తకెమియా కేకో 1950 ఫిబ్రవరి. ఏప్రిల్‌లో మొదలయ్యే జపాన్ విద్యాసంవత్సరం ప్రకారం వీరిద్దరిదీ ఒకే తరగతి. ఈ బ్యాచ్‌లో కలిపి చెప్పే ఇకెదా రియోకో మాత్రం 1947. పేరు బయటివారు పెట్టినది కాబట్టి అంచులు కాస్త వదులు. హగియో, తకెమియా 1970 నుంచి టోక్యోలోని ఒఇజుమిలో ఒక చిన్న అద్దె ఇంట్లో కలిసి ఉన్నారు. తోటి కళాకారిణులు వచ్చిపోయేవారు. ఆ ఇల్లు రెండు మూడేళ్లలోనే చెదిరింది. 2021లో హగియో ఆ రోజుల మీద ఒక పుస్తకం రాసి, ‘ఒక్కసారికి మాత్రమే చెప్పే ఒఇజుమి మాట’ అన్నట్టు పేరు పెట్టారు. మళ్లీ అడగవద్దని అందులోనే ఉంది. అందుకే ‘ఆత్మీయ మిత్రబృందం’ వంటి విశేషణాలు చేర్చకండి. వారు ఒప్పుకోని మాట మనం వారి నోట పెట్టినట్టవుతుంది.

మరో జవాబు:

మంచి వివరణ. కానీ ‘అమ్మాయిల మాంగా’ అంటే తేలిక చేసినట్టు ఉండదా? మన దగ్గర ‘ఆడవాళ్ల నవలలు’ అని విమర్శకులు పక్కన పెట్టినట్టు?

జవాబు:

ఈ భయం నాకూ ఉంది. ఇకెదా రియోకో అనుభవం వినండి. తత్త్వశాస్త్రం చదువు మధ్యలో వదిలి మాంగాలోకి వచ్చారు. 1972లో ఫ్రెంచి విప్లవం మీద కథ తలపెడితే సంపాదకుల వైపు నుంచి అడ్డు వచ్చిందని, ‘ఒన్నా కొదొమొ’కు చరిత్ర అర్థమవుతుందా అన్నారని ఆమె తరువాత చెప్పుకొన్నారు. ‘ఒన్నా’ స్త్రీ, ‘కొదొమొ’ పిల్లలు. మన ద్వంద్వ సమాసంలాంటి జంటే. కానీ తెలియనివారు, లెక్కలోకి రానివారు అన్న చిన్నచూపు అందులో ఉంది. ఆ కథ ‘మార్గరెట్’ పత్రికలో 1973 వరకు నడిచింది. 1974లో తకరజుకా వేదిక ఎక్కింది. ఫ్రాన్స్ ప్రభుత్వం ఆమెను లెజియన్ దొనర్‌తో గౌరవించింది. నలభై ఏడో ఏట ఆమె సంగీత కళాశాలలో విద్యార్థినిగా చేరి గాత్రం నేర్చుకొన్నారు. చిన్నచూపు ‘అమ్మాయి’ అన్న మాటలో లేదు, పలికినవారి గొంతులో ఉంది. ఆ గొంతు కోసం మనం మాట మార్చుకోవడం దేనికి?

మన దగ్గర జరిగినది కొంచెం వేరు. యద్దనపూడి సులోచనారాణి తరంలో వారపత్రికల సీరియళ్లకు ‘రచయిత్రుల నవలలు’ అన్న పేరు రాసినవారిని బట్టి వచ్చింది. అది ఎంత బలంగా పాతుకొందంటే మగవారు కూడా ఆడ పేర్లతో నవలలు రాశారు. జపాన్‌లో పేరు చదివేవారిని బట్టి వచ్చింది కాబట్టి గీసిన మగవారు ఎక్కువగా తమ పేర్లతోనే గీశారు. మీ వ్యాసంలో ‘రచయిత్రుల మాంగా’ అని రాస్తే ఈ తేడా పోతుంది.

ప్రశ్న అడిగినవారు:

చాలా సంతోషం. ‘అమ్మాయిల మాంగా’ ఖాయం చేసుకొన్నాను. చివరి సందేహం. గీసే ఆమెను ‘చిత్రకారిణి’ అంటే కథ రాయడం పోతుంది. ‘రచయిత్రి’ అంటే బొమ్మ పోతుంది. ఏం చేయను?

జవాబు:

నిజమే. మన సీరియళ్లలో రాత ఒకరిది, బొమ్మ మరొకరిది. జపాన్‌లోనూ అలా విడిపోయే సందర్భం ఉంది. మన కాలేజీ అమ్మాయిలు అద్దెకు తెచ్చుకొని చదివిన మిల్స్ అండ్ బూన్, హార్లెక్విన్ ప్రేమ నవలలను అక్కడ మాంగాగా వేస్తారు. కథ ఇంగ్లీషు రచయిత్రిది, గీత జపాన్ కళాకారిణిది. అక్కడ ‘చిత్రకారిణి’ సరిపోతుంది. హగియో, ఇకెదా వంటివారికి చాలదు.

జపనీసులో ‘కకు’ అనే ఒకే క్రియ రాయడానికీ గీయడానికీ పనికొస్తుంది. లిపిలో వేరుగా రాస్తారు, నోట ఒకటే. మనకు ఆ క్రియ లేదని దిగులు పడనవసరం లేదు. పాత తెలుగులో ‘వ్రాయు’ అంటే లిఖించడమే కాదు, చిత్రించడం కూడా. కావ్యాల్లో చిత్తరువులను వ్రాసేవారు. కాబట్టి ‘మాంగా రాస్తారు’ అని ధైర్యంగా అనండి. ‘రచయిత్రి’లోని రచనకూ కూర్చడం, తీర్చడం అన్నదే మూలార్థం. అందులో గీతా ఇముడుతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా తిరగరాస్తాను: ‘49 బ్యాచ్‌గా పేరుపడిన అమ్మాయిల మాంగా రచయిత్రులలో హగియో మోతో ఒకరు. 1976లో ఆపిన తన రక్తపిశాచుల కథను నలభై ఏళ్ల తరువాత, 2016లో, తిరిగి రాయడం మొదలుపెట్టారు. అది వచ్చిన సంచిక అంతా అమ్ముడైపోయి పత్రికను మళ్లీ అచ్చు వేయవలసి వచ్చింది.’ ‘రాయడం’ అన్న చోట బ్రాకెట్లలో ‘గీయడం’ అని పెట్టకండి. అచ్చయ్యాక ఇక్కడ ఒక మాట చెప్పండి, తప్పక చదువుతాను.