క్యాన్సర్ కాని వెన్ను గడ్డ: నడుస్తుండగానే ఆపరేషనా, ఆగి చూడాలా?

భద్రకాళి బండ్:
నమస్తే. మేం హన్మకొండలో ఉంటాం. మా అత్తమ్మకు 62 ఏళ్లు. చాన్నాళ్లుగా వీపు మధ్యలో నొప్పి, అదీ రాత్రి పడుకుంటేనే ఎక్కువ. తర్వాత కాళ్లు బిగుసుకుపోతున్నాయంది. ఇప్పుడైతే కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. మొదట ఒక చోట నడుముకు ఎంఆర్ఐ తీసి, అరుగుదల అని బెల్టు, గోలీలు ఇచ్చారు. ఈమధ్య న్యూరో డాక్టర్ వెన్ను మొత్తం తీయిస్తే టి-6 దగ్గర, అంటే ఛాతీ వెనక ఆరో పూస దగ్గర, గడ్డ కనిపించింది. మెనింజియోమా (వెన్నుపామును కప్పే పొర నుంచి వచ్చే గడ్డ) కావచ్చు, క్యాన్సర్ లక్షణాలు లేవు, కానీ వెన్నుపాము బాగా నొక్కుకుపోయింది, ఎక్కువ ఆగొద్దు అన్నారు. మామయ్య మాత్రం మేడారం మొక్కు తీరాకే అంటున్నారు. నడిచే మనిషిని మనమే మంచాన పడేసుకుంటామా అని ఆయన భయం. మా ఆయన ఎటూ తేల్చడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

పరకాల పత్తి చేను:
ఆగమనే చెప్తా చెల్లె. వెన్నుపూస మీద కత్తి పెట్టించుకున్నోళ్లు లేచి తిరిగింది నేనైతే చూడలేదు. మా ఊళ్లో ఒకాయన ఇప్పటికీ మంచం మీదనే ఉన్నడు. క్యాన్సర్ కాదని వాళ్లే అంటున్నప్పుడు తొందర దేనికి? జాతర రెండేళ్లకోసారి వస్తది. ఆపరేషన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

కాజీపేట జంక్షన్:
మీ ఊరాయనకు కాళ్లు పడిపోయింది ఆపరేషన్‌కు ముందా, తర్వాతా? అసలు గడ్డేనా, టీబీనా? వెన్నుకు టీబీ వచ్చి వెన్నుపాము నొక్కుకుపోవడం మన దగ్గర కొత్తేం కాదు.

పరకాల పత్తి చేను:
టీబీ అంటున్నరు. కాళ్లు ముందే పోయినయట. ఏదైతేనేం, ఆపరేషన్ అయినంక లేచిండా? లేదు కదా.

రిటైర్డ్ ఫిజియో, వరంగల్:
అమ్మా, ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్లను లేపి నడిపించడమే నా ఉద్యోగం. కాబట్టి ఒక పక్షం తీసుకునే మాట్లాడతాను.

ముందు ఆ నడుము ఎంఆర్ఐ సంగతి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము కింది దాకా రాదు, నడుము పైభాగంలోని ఎల్-1, ఎల్-2 పూసల దగ్గరే ఆగిపోతుంది. కింద ఉండేవి నరాల పోగులే. కాళ్లు బిగుసుకుని, మోకాలు మీద సుత్తితో తడితే కాలు ఎగిరిపడుతోందంటే, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తోందంటే, లోపం ఇంకా పైన ఉందని అర్థం. నడుము ఫిల్ము ఎంత బాగా తీసినా ఛాతీ భాగంలో ఉన్న గడ్డ అందులో పడదు. అరుగుదల మాత్రం అరవై దాటిన ఎవరికి తీసినా ఎంతో కొంత కనిపిస్తుంది. అందరూ దాన్నే పట్టుకుంటారు.

ఇక క్యాన్సర్ కాదు కాబట్టి ఆగొచ్చన్న మాట. గడ్డ ఏ జాతిదనేది ఒక ప్రశ్న, ఎక్కడ కూర్చుందనేది ఇంకో ప్రశ్న. ఛాతీ భాగంలో వెన్నుపాము ఉండే ఎముక గొట్టం ఇరుకు. వేలు వాచినా ఉంగరం పెరగదు కదా, అంతే. మెనింజియోమా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, వెన్నుపాము కూడా మెల్లగా సర్దుకుంటుంది. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆ సర్దుబాటు అయిపోయాక చెప్పు జారడం మొదలైంది. మూత్రానికి పరుగెత్తాల్సి వస్తోందా, ఆగి ఆగి వస్తోందా? సిగ్గుపడి చెప్పరు, మీరే అడగండి. పూర్తిగా ఆగిపోతే మాత్రం ఈ చర్చంతా వదిలేసి అదే పూట దవాఖానకు తీసుకెళ్లాలి.

మెనింజియోమా ఎక్కువగా మీ అత్తమ్మ వయసు ఆడవాళ్లకే, ఎక్కువగా ఛాతీ భాగంలోనే వస్తుంది. మామూలుగా వెన్నుపామును కప్పే పొర నుంచి పుట్టి పక్క నుంచి నెడుతుంది, లోపలికి చొచ్చుకుపోదు. వెన్నుపాము లోపలే పుట్టే ఎపెండిమోమా లాంటివి తీయడం ఇంకా కష్టం. వెన్ను ఆపరేషన్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

హుజూరాబాద్ లెక్కల సార్:
ఫిజియో గారు చెప్పింది కాదనను కానీ, ఆగడం తప్పన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. నాకూ గడ్డ ఉంది. ష్వానోమా అన్నారు, నరం మీది పొర నుంచి వచ్చేది. ఎల్-4 దగ్గర చిన్నది, కిడ్నీ రాయి కోసం స్కాన్ చేస్తే అనుకోకుండా కనిపించింది. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఏటా ఎంఆర్ఐ తీయించుకుంటున్నాను, పెరగలేదు. ఇద్దరు సర్జన్లూ ముట్టుకోవద్దనే అన్నారు. రిపోర్టులో హీమాంజియోమా అని కనిపించగానే ఏడ్చేసేవాళ్లు కూడా ఉన్నారు. అది పూస ఎముకలో రక్తనాళాల గుత్తి, సుమారు పది మందిలో ఒకరికి ఉంటుంది. చాలామందికి జీవితాంతం ఏమీ కాదు. ఫిల్ములో కనిపించిన ప్రతిదాన్నీ కోయించుకుంటే ఎలా?

కాజీపేట జంక్షన్:
సార్, మీ గడ్డ వెన్నుపాము అయిపోయాక ఉంది, మీకు బాధా లేదు. ఈమె గడ్డ వెన్నుపాము మీదే ఉంది, కాళ్లలో తేడా వచ్చేసింది. మీ లెక్క మీకు కరెక్టే, దాన్ని ఇక్కడికి తెచ్చి వేయకండి.

హుజూరాబాద్ లెక్కల సార్:
నేను అన్నది సూత్రం గురించి. ఈ కేసులో ఆగమనలేదు.

పాత పుస్తకాల పురుగు:
సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. వెన్నుపాము మీది గడ్డను మొదటిసారి విజయవంతంగా తీసింది 1887లో, లండన్‌లో. గడ్డ ఎక్కడుందో చెప్పింది విలియం గోవర్స్, కోసింది విక్టర్ హార్స్లీ. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు, అది 1895లో వచ్చింది. చర్మం మీద స్పర్శ ఎక్కడి వరకు పోయిందో చూసి లెక్కగట్టారు. మొదట కోసిన చోట గడ్డ కనిపించలేదు, ఇంకాస్త పైకి వెళ్తే దొరికింది. రోగి ఒక సైనికాధికారి. అప్పటికే కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఆ తర్వాత మళ్లీ నడిచాడు, పనిలోకీ వెళ్లాడు.

పరకాల పత్తి చేను:
ఇగో, మీరే అంటున్నరు. కాళ్లు పడిపోయినంక చేసినా లేచిండు. అట్లాంటప్పుడు జాతర దాక ఆగితే కొంప మునుగుతదా?

రిటైర్డ్ ఫిజియో, వరంగల్:
మంచి ప్రశ్నే వేశారు. నిజమే, మెనింజియోమాలో కాళ్లు బలహీనపడ్డాక తీసినా చాలామంది కోలుకుంటారు. కానీ ఎవరు కోలుకుంటారో ముందే చెప్పే మొనగాడు లేడు. ఉన్నవాటిలో నమ్మదగ్గ గుర్తు ఒకటే, ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి మనిషి ఎంత బాగా నడుస్తున్నారనేది. నడుస్తూ వెళ్లినవాళ్లు నడుస్తూ రావడం నేను ఎక్కువగా చూశాను. మోసుకొచ్చినవాళ్లతో నెలల తరబడి నడక నేర్పే బార్లు పట్టించాల్సి వచ్చేది. పైగా ఈమెకు పాదం ఎక్కడ పడుతోందో తెలియడం లేదు. జాతర జనంలో జారిపడితే తుంటి విరుగుతుంది, అది ఇంకో కథ.

భద్రకాళి బండ్:
మూత్రం సంగతి అడిగాను. నెల రోజులుగా ఆపుకోలేకపోతోందట, ఎవరికీ చెప్పలేదు. ఇంకో మాట. స్టెరాయిడ్ ఇస్తే గడ్డ కరుగుతుందని ఒక బంధువు అంటున్నారు. సైబర్‌నైఫ్ అని ఇంకొకరు. అత్తమ్మకు షుగర్ ఉంది.

కాజీపేట జంక్షన్:
స్టెరాయిడ్‌తో వాపు కొన్నాళ్లు తగ్గుతుంది, గడ్డ కరగదు. షుగర్ మాత్రం ఎగబాకుతుంది. సొంతంగా వేయకండి. సైబర్‌నైఫ్ రేడియేషన్. ఆపరేషన్‌కు తట్టుకోలేనివాళ్లకు, తిరిగి వచ్చిన కొన్ని గడ్డలకు వాడతారు. నొక్కుకుపోయిన వెన్నుపాము మీద ఒత్తిడి వెంటనే తీయాలంటే అది పనికిరాదు. అయినా తీసిన ముక్కను బయాప్సీకి పంపితేనే అది ఏ గడ్డో ఖాయంగా తెలుస్తుంది, ఎంఆర్ఐ చెప్పేది అంచనానే.

హుజూరాబాద్ లెక్కల సార్:
రిస్కులు కూడా చెప్పాలి కదా. పూస వెనక ఎముక తీసి, పొర విప్పి, గడ్డను ముక్కలుగా తీసి, మళ్లీ పొర కుట్టాలి. కుట్టు దగ్గర వెన్ను నీరు కారవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, కొన్నాళ్లు తిమ్మిరి పెరగవచ్చు. అరుదుగా కాళ్ల బలం తగ్గవచ్చు కూడా. ఈ సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారు, మైక్రోస్కోప్ వాడతారా, ఆపరేషన్ జరుగుతుండగా నరాల సిగ్నల్ చూసే మానిటరింగ్ ఉందా? ఈ మూడూ మొహమాటం లేకుండా అడగండి. వరంగల్‌లోనే చేయిస్తారో, హైదరాబాద్ నిమ్స్‌కు వెళ్తారో ఆ జవాబులను బట్టి తేల్చుకోండి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ అడగండి, 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. అడ్మిషన్‌కు ముందే దవాఖానలో ఆ పథకం చూసే ఆరోగ్యమిత్ర దగ్గర అనుమతి సంగతి తేల్చుకోండి, తర్వాత పరుగులు పెట్టొద్దు.

పరకాల పత్తి చేను:
మూత్రం దాక వచ్చిందంటే నేనేం అనను. కానీ మొక్కు మాట తేలిగ్గా తీసుకోకండి, ముసలోళ్ల మనసు దాని మీదనే ఉంటది. ఎత్తు బంగారం, అదే ఆమె బరువంత బెల్లం, మామయ్యను తీసుకపొమ్మనండి. ఆమె బరువు ఎంతో దవాఖానలో ఎట్లాగూ తూస్తరు.

భద్రకాళి బండ్:
ఆ మాట మామయ్యకు చదివి వినిపించాను అన్నా. బెల్లం ఎన్ని కిలోలవుతుందని అడిగారు కానీ ఆపరేషన్‌కు సరే అని ఇంకా అనలేదు. రేపు సర్జన్ దగ్గరికి ఆయన్నీ తీసుకెళ్తున్నాం. రక్తం పలచబడే గోలీ ఒకటి అత్తమ్మ రోజూ వేసుకుంటుంది, దాని గురించి ఏమైనా అడగాలా?

రిటైర్డ్ ఫిజియో, వరంగల్:
తప్పకుండా. ఎన్ని రోజుల ముందు ఆపాలో వాళ్లే చెప్పాలి, ఈ రాత్రే మీరు ఆపేయకండి. గుండెకు ఇచ్చిన గోలీ అయితే ఆ డాక్టర్‌కూ ఫోన్ చేయండి. మూత్రం సంగతి సర్జన్‌కు మొదటి మాటగా చెప్పండి, చివర్లో కాదు.