పసుపెక్కిన పాత కంప్యూటర్ డబ్బాని మళ్లీ తెల్లగా చేయడం ఎలా?

మాది అమలాపురం. మా పెదనాన్నగారు విదేశం నుంచి తెచ్చుకున్న అమిగా 500 కంప్యూటర్ ఇంకా పనిచేస్తోంది గానీ, పై డబ్బా పసుపుకి తిరిగింది. స్పేస్ బార్ అయితే మరీ ఘోరం. ఇలాంటి డబ్బాలకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెడితే తెలుపు తిరిగొస్తుందని చదివాను. మెడికల్ షాపులో దొరికేది 6 శాతం ద్రావణం. బ్యూటీపార్లర్లలో వాడే 12 శాతం క్రీమ్ పూస్తే, ఆరినచోట మచ్చలు పడతాయంటున్నారు. అయితే ద్రావణంలో ముంచి ఉంచడమే మేలా?

అసలే ఇక్కడ ముసురు పట్టింది, ఎండ జాడ లేదు. యూవీ లైటు సరిపోతుందా, వేసవి దాకా ఆగాలా? మీటల మీద అక్షరాలు చెరిగిపోతాయేమోనని ఇంకో టెన్షన్. కోనసీమలో గానీ రాజమండ్రి వైపు గానీ ఎవరైనా చేసి చూసుంటే చెప్పండి. తెల్ల పెయింట్ కొట్టెయ్యమని మాత్రం అనకండి, ఆ సలహా ఇంట్లో రోజూ వింటున్నాను.