గేటు మూయాలా, తీయాలా? నైట్ షిఫ్టు గార్డులకు ఎలా నేర్పాలి?

సేఫ్టీలో పనిచేసేవాళ్లందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ వైపు, క్లోరిన్ టన్నర్లు (టన్ను దాకా గ్యాస్ పట్టే పెద్ద సిలిండర్లు) వాడే ఫ్యాక్టరీ. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం ఆన్‌సైట్ ఎమర్జెన్సీ ప్లాను ఉంది, ఆర్నెల్లకోసారి మాక్‌డ్రిల్లూ అవుతుంది. కాకపోతే ఎప్పుడూ పగలే, అదీ అందరికీ ముందే చెప్పి! విశాఖ వెంకటాపురంలో 2020 మే 7న స్టైరిన్ లీకైంది తెల్లవారుజామున కదా.

అసలు చిక్కు గేటు దగ్గర. ఏజెన్సీ గార్డులకు నేర్పింది ఒక్కటే, గొడవైతే గేటు మూసెయ్యమని. గ్యాస్ లీకైతే చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. పైగా మా మెయిన్ గేటు పల్లంలో ఉంది. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, పల్లానికే దిగుతుంది. అందుకని విండ్‌సాక్ (గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం) చూసి, గాలికి అడ్డంగా, మెట్టవైపు వెనక గేటు గుండా జనాన్ని పంపాలి. దాని తాళం రాత్రిళ్లు ఎవరి దగ్గరుంటుందో అడగకండి.

మీ దగ్గర గార్డుకి సొంతంగా గేటు తీసే అధికారం రాసిచ్చారా, షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోను వచ్చేదాకా ఆగాలా? మావాళ్లలో తెలుగు, ఒడియా, కువి మాట్లాడేవాళ్లు కలిసి ఉన్నారు, సగంమందికి బోర్డులు చదవడం రాదు. బొమ్మలతో నేర్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లోపల నిద్రపోయే లారీ డ్రైవర్లను లెక్కలోకి ఎలా తెస్తున్నారు?

చెప్పకుండా అర్ధరాత్రి డ్రిల్లు పెడదామంటే తొక్కిసలాట అవుతుందని మేనేజరుగారి భయం. అది కొట్టిపారేసే మాటేం కాదు. ముందు గార్డులతో మాత్రమే చేసి చూసినవాళ్లుంటే ఎలా జరిగిందో చెప్పండి.