భివండీలో పుట్టిన అమ్మాయి కొత్తవాడ కథ రాయవచ్చా?

హనుమకొండ పాఠకుడు:
ఒక కొత్త రచయిత్రి మొదటి కథ మనలో చాలామంది చదివాము. తాత వరంగల్‌లోని నేతగాళ్ల వాడ కొత్తవాడలో అప్పు వదిలేసి, రాత్రికి రాత్రే మహారాష్ట్రలోని భివండీ వెళ్లి సాంచాల (మరమగ్గాల) మీద పనికి కుదురుతాడు. పేర్లు మార్చినా అది తన ఇంటి కథేనని ఆమే చెప్పారు. ఇంట్లోవాళ్ల అనుమతి లేకుండా ఇలా రాయవచ్చా?

కొత్తవాడ నేతగాడు:
అనుమతి సంగతి తర్వాత. వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు మూతపడి తాత వెళ్లిపోయాడని రాసింది. అదే కథలో ఆయన ఇంట్లో జంపఖానాలు నేస్తాడు! 1934లో పెట్టిన ఆ మిల్లులో కార్మికుడికి నెల జీతం ఉండేది. ఇంటి మగ్గం వాడికి నూలు ఇచ్చే సేటే దిక్కు. ఈ తేడా తెలియకుండా కథ ఎలా రాస్తారు?

భివండీ మూడోతరం:
మిల్లు ప్రస్తావన ఒక్క వాక్యం. మిగతాదంతా పన్నెండు గంటల పాళీ (షిఫ్టు), సాంచాల మోత, ఊపిరితిత్తుల్లో దూది. అదంతా నిజం, నేను చూస్తూ పెరిగాను. మా పెద్దలు ఊరి గురించి నోరు విప్పరు. విన్న నాలుగు ముక్కలతోనే మేము రాసుకోవాలి.

కొత్తవాడ నేతగాడు:
ఒక్క వాక్యమైనా తప్పు తప్పే.

జగిత్యాల:
దుబాయ్‌లో పోయిన మా నాన్న గురించి నేను రాయాలంటే ఎవరి అనుమతి అడగాలి?

సిరిసిల్ల:
రాయనివ్వండి. ఇన్నాళ్లూ ఎవరు రాశారు?

భివండీ మూడోతరం:
నేతగాడు గారూ, మీ కోపం మిల్లు మీద కాదు. అసలు సంగతి చెప్పండి.

కొత్తవాడ నేతగాడు:
చెబుతాను. మా పెద్దనాన్న కూడా అలాగే వెళ్లాడు. సేటు వచ్చి కూర్చున్నది మా గడపలో. ఆ అప్పు తీర్చడానికి మా నాన్న నన్ను బడి మాన్పించి మగ్గానికి నూలు కండెలు చుట్టించాడు. ఈ కథలో వెళ్లినవాడు ధీరుడు, ఉండిపోయిన తమ్ముడికి పేరు కూడా లేదు. 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడూ సూరత్, భివండీ వెళ్లినవాళ్లను వెనక్కి తెస్తామనే మాటే వినిపించింది. ఇక్కడే మగ్గం పట్టుకుని కూర్చున్న మమ్మల్ని ఎవరు తలుచుకున్నారు?

భివండీ మూడోతరం:
మా తాత చనిపోయేదాకా ఆ అప్పు మాటే ఎత్తలేదు. తమ్ముడి వైపు ఏం జరిగిందో మాకెలా తెలుస్తుంది? పండగకు వచ్చినప్పుడు మీరైనా చెప్పారా?

కొత్తవాడ నేతగాడు:
ఎవరైనా అడిగారా? అడిగితే చెప్పేవాళ్లం, ఎంత కట్టామో, ఏం అమ్మి కట్టామో అన్నీ. ఆమె రెండో కథ రాసే ముందు ఇక్కడికి వచ్చి ఆ తమ్ముడి పిల్లలతో మాట్లాడమనండి.