నామములోనికా, నామమందా? గుండ్లకమ్మలో అన్న మాట

ఒంగోలు చిన్నోడు:
నెల రోజులుగా ఒక వాక్యం తోక దొరక్క సతాయిస్తోంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో బాప్తిస్మం పుచ్చుకున్న 2,222 మందిలో మా నాయనమ్మ వాళ్ల ముత్తవ్వ ఒకరు. ఆ రోజు బోధకుడు ఆమెను నీళ్లలో ముంచుతూ అన్న మాట మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకున్నారు. "తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామ..." వరకు నాకు గుర్తుంది. ఆ తర్వాత ఏమిటి? మత్తయి 28:19లో "నామములోనికి" అని ఉంది. నా చెవిలో మాత్రం "నామమందు" అని మోగుతోంది. అడుగుదామంటే నాయనమ్మ పోయి పదకొండేళ్లయింది.

పాతపుస్తకాల పిచ్చి:
"లోనికి" తర్వాత వచ్చి చేరిందని నా గట్టి నమ్మకం. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఈ చోట ఉన్నది "పేరులో" అనే అర్థమే. 1881లో కొత్త నిబంధనను సవరించినప్పుడు గ్రీకులో "లోకి" అని అర్థమిచ్చే "ఎయిస్"ని గట్టిగా పట్టుకుని "పేరులోకి" చేశారు. మన "లోనికి" ఆ గాలి తగిలాకే వచ్చి ఉంటుంది. 1878 అంటే దానికి మూడేళ్ల ముందు.

గుంటూరు లూథరన్:
తెలుగులోకి తెచ్చినవాళ్లు గ్రీకు చదవగలిగినవాళ్లు మేస్టారూ, ఇంగ్లీషు సవరణ దాకా ఆగాల్సిన పని లేదు. పైగా "లోనికి" అరువు మాటలా నాకు అనిపించదు. కోడలు అత్తారింట్లోకి వస్తుంది, ఆ ఇంటిపేరులోకి వస్తుంది. అప్పటిదాకా ఒక పేరు కింద ఉన్న మనిషి ఇంకో పేరు కిందికి రావడం. "నామమందు" అంటే ఆ కదలిక పోతుంది. ఎవరి పేరున ఈ పని జరుగుతోందో అంతవరకే చెబుతుంది.

ఛందోభిలాషి:
"నామములోనికి" గురువు లఘువు లఘువు, గురువు లఘువు లఘువు. రెండు భగణాలు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, సరిగ్గా యతిస్థానంలో మొదలుపెడితే అచ్చు గుద్దినట్టు కూర్చుంటుంది. పద్యం చెవి ఉన్న పండితుడెవరో పక్కన కూర్చుని ఎంచిన మాట ఇది.

పాతపుస్తకాల పిచ్చి:
"నామమున" కూడా కూర్చుంటుందండీ. గురువు, మూడు లఘువులు. అదే ఉత్పలమాలలో ఆరో అక్షరం నుంచి తొమ్మిదో అక్షరం దాకా చూడండి. ఛందస్సు ఇక్కడ సాక్ష్యానికి పనికిరాదు.

ఛందోభిలాషి:
ఒప్పుకుంటున్నాను, నేను అటు చూడలేదు. కానీ పక్కన పండితుడు ఉన్నాడన్న మాట మాత్రం వదలను.

విశాఖ తీరం:
ఉన్నాడు. ఆనందరాయర్. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్‌లకు అనువాదంలో కుడిభుజం ఆ బ్రాహ్మణుడే. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్లు తయారుచేసిన మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. విశాఖలో మొదలైన పుస్తకం బెంగాల్లో ఎందుకు అచ్చయింది? అచ్చుకూటం అక్కడ ఉంది కాబట్టి. ఆ అచ్చుకూటం అక్కడే ఎందుకుంది? శ్రీరాంపూర్ డేన్ల ఊరు. 1813 చార్టర్ దాకా ఈస్టిండియా కంపెనీ తన ఇలాకాలో మిషనరీలకు లైసెన్స్ ఇవ్వడానికి ఇష్టపడలేదు. మతం జోలికి పోతే సిపాయిలు తిరగబడతారన్న భయం 1806 వేలూరు తిరుగుబాటు తర్వాత ఇంకా ముదిరింది. మిషనరీలు కంపెనీ ఓడలోనే దిగబడ్డారని అనేవాళ్లు ఈ సంగతి కూడా చూడాలి.

కరువు సీమ:
1813 తర్వాత సంగతి కూడా చూడాలి కదన్నా. గుండ్లకమ్మ కథ ముందు కాలవ కథ ఉంది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్కను ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయనకు సర్వే పని తెలుసు. కాలవకు పెట్టింది మద్రాసు గవర్నర్ పేరు, డబ్బు సర్కారుది, తట్ట మోసింది ఎక్కువగా మాదిగలు, పొద్దుగూకితే వాక్యం. జనం నోట ఆయన "దొర". కలెక్టరూ దొరే. ఆ ఒక్క మాటలో మిషనూ సర్కారూ కలిసిపోయాయి. "లోనికి" కంటే ముందు "దొర" మీద చర్చ జరగాలని నా మాట.

గుంటూరు లూథరన్:
కాంట్రాక్టు నిజం. అయితే కరువు పని నడుస్తుండగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపింది కూడా ఆయనే. కూటి కోసం చేరారన్న మాట పడకూడదని. అందుకే ఆ జులైలో అంత జనం ఒక్కసారిగా ఏటి దగ్గరికి వచ్చారు.

కరువు సీమ:
ఆపారు, కాదనను. తట్ట మోసినవాళ్లకు ప్రాణం నిలిపిన చెయ్యి ఎవరిదో మాత్రం గుర్తుండిపోయింది. దాన్ని తప్పని నేననను. ఆ చేతికి సర్కారు సొమ్ము అందిందని కూడా చెప్పుకోవాలి, అంతే.

ఒంగోలు చిన్నోడు:
అన్నలారా, నా తోక...

తీరాంధ్ర అక్క:
తమ్ముడూ, నీ ప్రశ్నకే వస్తున్నా. క్లౌ దొర ముంచాడని అందరూ అంటారు. ఆ రోజు ఆయన ఎవరినీ ముంచలేదు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకుని, ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడ్డారు. ఒడ్డున పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే దిగారు. మొత్తం తొమ్మిది గంటల పని. లెక్క వేసి చూడు, మనిషికి అర నిమిషం కూడా రాదు. దిగాలి, పేరు పలకాలి, మాట అనాలి, ముంచాలి, లేపాలి. నడుం లోతు నీళ్లలో ఇంత వేగంగా చేసే మనిషి నోట ఆరక్షరాల "నామములోనికి" ఎలా వస్తుంది? "నామమున" అని ఉంటాడు, లేదా "నామాన". పుస్తకంలో ఏముందన్నది ఆ బోధకుడికి ఆ క్షణంలో పట్టదు.

పాతపుస్తకాల పిచ్చి:
అక్కా, ఇది బాగుంది. అయినా రెండక్షరాలు మిగిల్చి ఏం లాభం? ఆ తర్వాత వచ్చే "బాప్తిస్మమిచ్చుచున్నాను" ఎంత పొడవో చూడండి.

తీరాంధ్ర అక్క:
అదీ "బాప్తీస్మం"గానే అన్నారు, దీర్ఘంతో. మా ఊళ్లో ఇప్పటికీ అంతే. పుస్తకం "ప్తి" అంటుంది, నోరు "ప్తీ" అంటుంది.

గుంటూరు లూథరన్:
"ప్తి"యే ఒప్పు. గ్రీకులో "బాప్తిస్మ".

తీరాంధ్ర అక్క:
ఏటిలో గ్రీకు లేదు కదండీ.

పాతపుస్తకాల పిచ్చి:
గ్రీకు మాటను తెలుగు చేయకుండా అలాగే ఉంచడం వెనక పెద్ద తగాదా ఉంది. బెంగాలీలో బాప్టిస్టులు "ముంచడం" అనే అర్థం వచ్చేలా రాస్తే, 1830లలో లండన్ బైబిల్ సొసైటీ డబ్బు ఇవ్వనంది. ముంచకుండా నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చే సంఘాలు ఊరుకోవు మరి. బాప్టిస్టులు 1840లో వేరే సొసైటీ పెట్టుకున్నారు. మన క్యాతలిక్కుల "జ్ఞానస్నానం" ఈ గొడవకు చాలా ముందే తమిళం మీదుగా వచ్చి హాయిగా ఉంది.

ఛందోభిలాషి:
జాషువా ఉంటే ఏమనేవారో! వినుకొండ మనిషి, గుంటూరు లూథరన్ శిక్షణాలయంలో పాఠాలు చెప్పినవారు. పురాణకథలు పద్యం చేస్తే క్రైస్తవులు కోప్పడ్డారు, సభల్లో సవర్ణులు పక్కన కూర్చోనివ్వలేదు. గుడిలోకి మనిషిని రానివ్వరు, గబ్బిలాన్ని ఆపలేరు కాబట్టి కాశీ విశ్వనాథుడికి దానితోనే మొర పంపారు. ఆ "లోకి" ఎంత బరువైన ప్రత్యయమో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే నేను "నామములోనికి" పక్షం.

కరువు సీమ:
ఈ ఒక్క మాటకు మీతో నేనూ ఉన్నాను. గుడిలోకి రానివ్వని వాళ్లను పేరులోకి రమ్మన్నారు. అయితే ఆ ప్రత్యయం ఎవరు పెట్టారు, సవరించినవాళ్లా, ఏటిలో నిలబడిన ఆరుగురా?

ఒంగోలు చిన్నోడు:
నిన్న రాత్రి మా మేనత్తకు ఫోన్ చేశాను. "నామ..." అనగానే ఆవిడ అందుకుని చివరిదాకా చెప్పేసింది. మూడుసార్లు చెప్పించుకున్నాను. మొదటిసారి "నామాన", రెండోసారి "నామమందు". మూడోసారి "నామానికి", మధ్యలో దగ్గు వచ్చింది. "ఏది సరి అత్తా?" అంటే, "మా అమ్మ అన్నదేరా" అంది. ఆ మూడూ రికార్డు చేశాను, సాయంత్రం పెడతాను. మూడోదాంట్లో దగ్గుకు ముందు "లో" ఉందో లేదో కాస్త చెవి పెట్టి వినండి.